గొడ్లేడున్నయో చూడు

మా తాత పగటిపూట నడుము వాల్చగా నేను ఎన్నడూ చూడలేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇల్లంతా నిద్రలో మునిగినా, ఆయన అరుగు మీద గోడకు ఆనుకొని దారికేసి చూస్తూ కూర్చునేవాడు. ముసలితనపు చాదస్తమని నవ్వుకునేవాళ్ళం.

ఆయనది మొయినాబాదు దగ్గరి ఎంకపల్లి. 1948 పోలీసు చర్య నాటికి పన్నెండేళ్ళుంటాయట. అప్పటికే నాలుగేళ్ళుగా ఒక పటేలు ఇంట పసులకాపరి. తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతమున్నాడన్నమాట. తెల్లవారకముందే దొడ్డిలో పేడ తీయడం, సద్దిమూట కట్టుకొని గొడ్లను తోలుకుపోవడం, పొద్దుగూకాక లెక్కపెట్టి కట్టేయడం. వానకూ చలికీ ఒకటే గొంగడి. ఇలా అప్పు కింద మనిషిని కట్టిపడేసే భగేలా ఒప్పందాలను అదుపు చేస్తూ నిజాం ప్రభుత్వం అప్పటికే చట్టం చేసింది. ఆ కబురు ఆ దొడ్డిదాకా వచ్చినట్టు లేదు. దేశమంతటా వెట్టిని రద్దుచేసిన చట్టం 1976 నాటిది; అప్పటికి తాత పిల్లలే పెళ్ళీడుకొచ్చారు.

చిన్నప్పుడు టీవీలో కృష్ణ నటించిన 'మోసగాళ్ళకు మోసగాడు' చూసి, "తాతా, నువ్వు గూడ కౌబాయ్‌వేనా?" అని అడిగాను. ఆ మాటకు అర్థం చెప్పించుకొని పకపకా నవ్వాడు.

"గుర్రం యాడిది బిడ్డా! గొడ్లు పటేలుయి, పాలు పటేలుయి. కట్టె ఒక్కటే నాది."

అంతకుమించి చెప్పలేదు. నేనేమో ఊళ్ళో తోటిపిల్లలకు మా తాత కౌబాయ్ అని చెప్పుకొని తిరిగాను!

ఆయన పోవడానికి ఏడాది ముందు, ఒక సాయంత్రం, అడగకుండానే చెప్పుకొచ్చాడు. ఒకనాడు చేవెళ్ళ దారిలో మర్రిచెట్టు కింద కన్ను మూతపడింది. (ఆ దారి మర్రిచెట్ల నీడలో ఎవరికి పడదు కనుక!) లేచేసరికి రెండు బర్రెలు పక్క జొన్నచేలో పడి మేశాయి. చేనుగలాయన వాటిని బందెలదొడ్డికి తోలాడు. విడిపించడానికి కట్టిన దండుగను పటేలు ముత్తాత అప్పులో కలిపి రాశాడు. ఎంతన్నది తాతకు గుర్తులేదు. ఆరు నెలల జీతం పెరిగిందన్నది మాత్రం గుర్తుంది. దెబ్బలు పడ్డాయా అని అడిగితే, "దెబ్బలదేముంది, మానుతయి" అన్నాడు. "మా నాయిన ఒక్క మాట అనలే. అది మానలే."

చివరి రోజుల్లో మందుల మత్తుకు పగలు కూడా కునుకు పట్టేది. ఉలిక్కిపడి లేచి నా చెయ్యి పట్టుకునేవాడు.

"పొద్దెంతయింది? గొడ్లేడున్నయో చూడు."

నేను గుమ్మందాకా వెళ్ళి, వచ్చి, "అన్నీ ఈడనే ఉన్నయి తాతా" అనేవాణ్ణి. లెక్కపెట్టావా అని అడిగేవాడు.