ఊపిరి మిషను తీసేటప్పుడు

వెంటిలేటరు పెట్టారంటే చాలు, మనకి కాళ్ళూ చేతులూ ఆడవు. నిజానికి పెట్టడం కంటే తీయడమే ఓపిక పని. మా అత్తయ్యగారికి నిమోనియా తగ్గుముఖం పట్టాక ఈ సంగతి తెలిసింది నాకు.

మిషను ఊపిరి పోస్తున్నన్నాళ్ళూ శ్వాస కండరాలకి పని ఉండదు. మంచం పట్టినవాళ్ళ కాళ్ళలాగే అవీ నీరసిస్తాయి. అందుకే జబ్బు నెమ్మదించగానే రోజుకోసారి సొంతంగా పీల్చనిచ్చి చూస్తారు. ఇందులో రెండు పద్ధతులున్నాయండీ. ఒకటి, మిషను విడదీసి 'టీ' ఆకారపు గొట్టంతో ఆక్సిజన్ మాత్రం ఇవ్వడం. రెండోది, రోగి పీల్చినప్పుడల్లా మిషను కాస్త ఊతమివ్వడం. 2019లో స్పెయిన్ డాక్టర్లు 1,153 మందిలో పోల్చి చూశారు. రెండు గంటల టీ గొట్టంతో నూటికి 74 మంది, అరగంట ఊతంతో 82 మంది మూడు రోజులదాకా మళ్ళీ మిషను అక్కర్లేకుండా ఉన్నారు.

మిషను తగ్గిస్తుంటే ఆశ వదిలేశారనుకుని మా ఆడపడుచు ఏడ్చేసింది. కాదు, అది పరీక్ష మాత్రమే! ఆయాసమొచ్చినా, చెమటలు పట్టినా మళ్ళీ మిషను పెడతారు. మర్నాడు మళ్ళీ చూస్తారు. అత్తయ్యగారు మూడోనాడు గట్టెక్కారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ అవసరం వస్తే, "ఇవాళ సొంత ఊపిరి పరీక్ష ఉందా డాక్టరుగారూ?" అని అడగండి. లోపలికి రానిస్తే చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పండి.