వెనక్కి చూసిన చోట

కార్తీక మాసంలో ఒక శనివారం, తెల్లవారుజామున నాలుగున్నరకి భిలాయిలోని స్మృతి నగర్‌లో మా ఇంటి ముందు కారు ఆగింది. వీధిలో ఇంకా ఏ గుమ్మం ముందూ ముగ్గు పడలేదు. డిక్కీలో అప్పటికే రెండు టెంట్లు, దుప్పట్లు, చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ల క్యాన్లు సర్ది ఉన్నాయి. అమ్మ పులిహోర డబ్బా నా చేతికిచ్చి, "చేతులు కడుక్కుని తినండిరా" అని అందరికీ కలిపి చెప్పింది. మా నలుగురిలో తెలుగువాణ్ని నేనొక్కణ్నే. ఒకడు బెంగాలీ, ఒకడు మలయాళీ, ఇంకొకడు ఇక్కడి ఛత్తీస్‌గఢీ. అమ్మ చెప్పింది తెలుగులోనే. ముగ్గురూ బుద్ధిగా తలలూపారు. సెక్టార్ స్కూల్లో చదివే రోజుల నుంచీ, అంటే నలభై ఏళ్లుగా, ఆమె వాళ్లతో అలాగే మాట్లాడుతోంది.

భిలాయిలో పుట్టిన మాకు ప్రయాణమంటే రైలే. సోవియట్ సాయంతో కట్టిన ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. మరుసటి ఏడు నుంచే ఇక్కడ రైలు పట్టాలు తయారవుతున్నాయి. నాన్న ఉద్యోగమంతా ఆ రైల్ మిల్లులోనే గడిచింది. ఏ స్టేషన్లో నిలబడినా పట్టాల వంక చూసి "ఇవి మనవే" అనేవారు. వేసవి సెలవులకు రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా నాన్నగారి ఊరికి, అక్కణ్నుంచి అమ్మ పుట్టిల్లు రాజమండ్రికి వెళ్లేవాళ్లం. రాత్రి బెర్తు మీద పడుకుంటే తెల్లారేసరికి చాయ్‌వాలా భాష మారిపోయి ఉండేది. మధ్యలో ఏముందో నాకు తెలియదు. అందుకే భిలాయి ఒక చోటు, ఊరు ఇంకొక చోటు అనిపించేది. ఈ రెండూ ఒకే నేల మీద ఉన్నాయని తెలియడానికి నాకు ఒక పగలంతా కారులో కూర్చోవలసి వచ్చింది.

మేం వెళ్లేది బస్తర్‌లోని చిత్రకోట్ జలపాతం దగ్గరికి. సుమారు 360 కిలోమీటర్లు. నది ఒడ్డున టెంట్లు వేసుకుని రాత్రికి అక్కడే ఉండాలని అనుకున్నాం. వంద కిలోమీటర్లకొకరు చొప్పున స్టీరింగు మారాలన్నది ఒప్పందం. రాయ్‌పూర్ దాటి అభన్‌పూర్ చేరేసరికి వెలుగు వచ్చింది. రెండు పక్కలా కోతకొచ్చిన వరి. ధమ్‌తరిలో రైస్ మిల్లుల ఊక వాసన మధ్య నిలబడి పోహా, జిలేబీ తిన్నాం. ఆ పక్కనే మహానది మీద గంగ్రేల్ డ్యామ్ ఉంది. మా ప్లాంటుకి నీళ్లిచ్చే డ్యాముల్లో అదొకటి. అంతవరకూ ఒకటే కబుర్లు. స్కూలు మాస్టర్లూ, క్రికెట్టూ, పిల్లల చదువులూ, బీపీ మాత్రలూ. ఎప్పుడు కలిసినా మాట్లాడుకునేవే.

కాంకేర్ దాటాక కేశకాల్ ఘాట్ వచ్చింది. కొండని చుట్టుకుంటూ ఎక్కే మలుపుల దారి. పన్నెండు మలుపులని లెక్క చెబుతారు. లారీలు బారులు తీరి నిలిచిపోయాయి. మా కారు గంటకు పైగా నత్తలా పాకింది. దారిలో తెలిన్ మాత గుడి దగ్గర డ్రైవర్లు బండి ఆపి దణ్ణం పెట్టుకుని కదులుతున్నారు. మేమూ పెట్టుకున్నాం.

ఆ ఘాట్ ఒక గట్టు లాంటిది. దిగువన కాంకేర్‌లో పడిన వాన దూధ్ నదిలో కలిసి మహానదిగా ఒడిశాకి పోతుంది. పైన కొండగావ్ వైపు పడిన వాన నారంగి వాగులోకి, అక్కణ్నుంచి ఇంద్రావతిలోకి, చివరికి గోదావరిలోకి చేరుతుంది. ఈ సంగతి మ్యాపులో ఎన్నోసార్లు చూశాను. కానీ ఆ ఆఖరి మలుపు తిరిగి, కారు చదును నేల మీదికి రాగానే, ఇక్కణ్నుంచి నీళ్లన్నీ అమ్మ ఊరి వైపే పోతాయన్న మాట గుండెల్లో తగిలింది.

పీఠభూమి మీద ఎండ మెత్తగా ఉంది. సాల చెట్లు, ఇప్ప చెట్లు, మధ్యమధ్య వరి మడులు, మళ్లీ చెట్లు. ఫోన్లలో సిగ్నల్ పోయింది. పాటలు ఆగిపోయాయి. తెచ్చుకున్న కబుర్లూ అయిపోయాయి. బెంగాలీవాడు నిద్రపోయాడు. ఎవరూ ఏమీ మాట్లాడకుండా చాలా దూరం వచ్చాం. ఆ మౌనం ఎవరికీ ఇబ్బందిగా లేదు.

అప్పుడు స్టీరింగు పట్టుకున్న మలయాళీ మిత్రుడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "నేను మా క్వార్టర్ ఉన్న వీధిలోకి పదకొండేళ్లుగా వెళ్లలేదు, తెలుసా?" అన్నాడు. వాళ్ల నాన్న రిటైరయ్యాక క్వార్టర్ అప్పగించి కేరళ వెళ్లిపోయారు. అక్కడ రెండేళ్లు కూడా బతకలేదు. "నేను పాకడం నేర్చుకున్న గచ్చు మీద ఇప్పుడు వేరే వాళ్ల పిల్లలు ఆడుకుంటారు. తప్పేం లేదు. కానీ చూడలేను. కేరళకి వెళ్తే భిలాయివాడొచ్చాడంటారు. ఇక్కడ మలయాళీనంటారు. నా ఊరేది?"

నలభై ఏళ్ల స్నేహంలో వాడు ఈ మాట ఎప్పుడూ అనలేదు. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో, గంటసేపు కూర్చునే హోటల్ బల్లల దగ్గర ఇలాంటి మాట బయటికి రాదు. దానికి ఖాళీ మధ్యాహ్నం కావాలి. లేచి వెళ్లిపోవడానికి వీల్లేని చోటు కావాలి.

వాడికి ఎవరం బదులు చెప్పలేదు. చాలాసేపటికి, జగదల్‌పూర్ దగ్గర పడుతుండగా, ఛత్తీస్‌గఢీ మిత్రుడు వాళ్ల నానమ్మ చెప్పిన కథ ఎత్తుకున్నాడు. ఒక రాజు రాజ్యం పోగొట్టుకుని ఈ అడవులకి వచ్చాడు. "నువ్వు ముందు నడువు, నేను వెనకే వస్తాను. వెనక్కి మాత్రం చూడకు" అంది అమ్మవారు. అందెల చప్పుడు వింటూ నడిచాడు. శంఖిని, డంకిని నదులు కలిసే చోట ఆమె పాదాలు ఇసుకలో దిగబడి అందెలు మోగలేదు. కంగారుపడి వెనక్కి తిరిగాడు. అమ్మవారు అక్కడే నిలిచిపోయింది. అదే దంతెవాడ, ఆమే దంతేశ్వరి.

"ఆ రాజు మావాడేరా" అన్నాను. 1323లో ఓరుగల్లు పడిపోయాక వచ్చిన అన్నమదేవుడు, కాకతి ప్రతాపరుద్రుడి తమ్ముడని బస్తర్ రాజవంశం చెప్పుకున్న సంగతి వాళ్లకి చెప్పాను. చెబుతూనే నాకు నాన్న కనిపించారు. ముప్ఫై ఏళ్లు ఊరి వైపే చూస్తూ ఉద్యోగం చేసి, రిటైరయ్యాక వెళ్లకుండా స్మృతి నగర్‌లో ఇల్లు కట్టుకున్న నాన్న. వెనక్కి చూశాడని ఆ రాజుకి అమ్మవారు దూరం కాలేదు. చూసిన చోటే గుడి అయింది. మా పెద్దవాళ్లు అలా ఆగిపోయిన చోటే మేం పుట్టాం. మలయాళీ మిత్రుడు ఏమీ అనలేదు. కారు మాత్రం నెమ్మది చేశాడు.

చిత్రకోట్ చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇంద్రావతి దాదాపు 90 అడుగుల ఎత్తు నుంచి గుర్రపు డెక్క ఆకారంలో కిందికి దూకుతోంది. ఆ హోరు పక్కనే టెంట్లు వేసి, పులిహోర ఖాళీ చేశాం. చీకటి పడ్డాక అమ్మకి ఫోన్ కలిసింది.

"మీ ఊరికి పోయే నీళ్ల పక్కనే ఉన్నామమ్మా" అన్నాను. ఇంద్రావతి వెళ్లి గోదావరిలో కలుస్తుందని, భద్రాచలం, పాపికొండలు దాటి రాజమండ్రి రేవుకి చేరుతుందని చెప్పాను.

"ఎన్నాళ్లకి చేరతాయిరా?"

నాకు తెలియలేదు. ఒడ్డున మలయాళీ మిత్రుడు వంగి డబ్బా కడుగుతున్నాడు.

"తెలీదమ్మా. నీ పులిహోర డబ్బా కూడా అందులోనే కడుగుతున్నారు" అన్నాను.

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది.

"అయితే గోదారమ్మకి పసుపు పంపించారన్నమాట."