పంది, పులుపు, కాసింత పంచదార

స్వీట్ అండ్ సోర్ పోర్క్ అనగానే మనవాళ్ళ దగ్గర్నుంచి రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి, "ఛీ, పందా!". రెండోది, "ఆ ఎర్రటి పాకం పోసిస్తారు, అదేనా? అది అసలు చైనా వంటే కాదటగా" అని ఓ పెదవి విరుపు. రెండూ తప్పేనని నా అభిప్రాయం. మొదటిదాని సంగతి కాస్త పెద్దది, తర్వాత చెప్తాను.

ఇది అచ్చంగా చైనా వంటే. కాంటనీస్ వాళ్ళు గులో యుక్ అంటారు. ఈ తరహా వంటలకి మాండరిన్‌లో తగిలించే మాట 'తాంగ్‌త్సూ', అంటే చక్కెర, వెనిగరు అని అర్థం, అంతే. కెచప్ తర్వాతొచ్చి చేరింది. పాతకాలం పద్ధతిలో హాథార్న్ అనే పుల్లటి పండుతో చేసిన బిళ్ళలు కరిగించి వేసేవారు, ఇప్పటికీ వేసేవాళ్ళున్నారు. ఆ మాటకొస్తే కెచప్ అన్న పేరే దక్షిణ చైనాలో చేపల సాసుకున్న పేరు నుంచి వచ్చిందని భాషావేత్తల్లో చాలామంది అంటారు. ఆ సీసా ఊళ్ళన్నీ తిరిగి, మధ్యలో చేపల్ని వదిలేసి టమాటాల్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చిందన్నమాట :)

ఇంకో తమాషా. మనం బండి దగ్గర నిలబడి లాగించే మంచూరియాకీ, మంచూరియాకీ ఏ సంబంధమూ లేదు. అది బొంబాయిలో పుట్టిన సరుకు. అసలు మంచూరియా ప్రాంతంలో, హార్బిన్ ఊళ్ళో పేరు మోసిన వంటకం గువోబావ్‌రో. అదేంటయ్యా అంటే మళ్ళీ తీపీ పులుపూ పట్టించిన పంది మాంసమే! పల్చటి ముక్కలు, బంగాళాదుంప పిండి పూత, కెచప్ లేని పాకం. ప్లేటు దగ్గరికి రాగానే వెనిగరు ఘాటుకి ముక్కు అదిరిపోతుంది.

సరే, ఇంట్లో ఎందుకు వండుకోవాలి? హోటల్లో పదిహేను నిమిషాల్లో డబ్బాలో పెట్టిస్తారుగా అంటారా? ఆ డబ్బాతోనే గొడవంతా. మా టీములో గ్వాంగ్‌జౌ నుంచి వచ్చినాయన ఒకడున్నాడు. అమెరికాలో పదేళ్ళనుంచీ ఉంటూ ఈ వంటకాన్ని పార్సిల్ తెచ్చుకున్న పాపాన పోలేదు. పాకం తగిలిన ముక్క కరకరలాడేది కాసేపే, మూతపెట్టిన డబ్బాలో ఆవిరికి అది తడిసిన అట్టముక్క అయిపోతుంది, అని ఆయన వాదన. అయిదు నిమిషాల్లో తినెయ్యాల్సిన దాన్ని ఇరవై నిమిషాలు కారులో తిప్పి, ఆ తర్వాత బాలేదంటే ఎలా?

మాంసం అరకిలో, భుజం భాగం తీసుకోండి. ఇక్కడి కొట్లలో దాన్ని పోర్క్ బట్ అంటారు. పేరు చూసి వెనకభాగం అనుకునేరు, అది భుజమే. ఈ పేరు పెట్టినవాడెవడో మన పాత ప్రాజెక్టుల్లో వేరియబుల్స్‌కి పేర్లు పెట్టినవాడికి చుట్టమై ఉంటాడు. కొవ్వు బొత్తిగా లేని ముక్కైతే వేగాక పీచులా అవుతుంది. అంగుళం ముక్కలు కోసి, ఒక చెంచా సోయా సాస్, అర చెంచా ఉప్పు, మిరియాల పొడి, ఒక గుడ్డు వేసి అరగంట పక్కన పెట్టాలి. అనాసపండు ఎలాగూ వేస్తాం కదా అని దాని రసం ఇప్పుడే కలపకండి. పచ్చి అనాసలో మాంసాన్ని అరగదీసే ఎంజైము ఉంటుంది, ముక్క పైనంతా పేస్టులా మెత్తబడుతుంది.

పూతకి కార్న్‌ఫ్లోర్. అమెరికాలో ఉన్నవాళ్ళు కార్న్‌స్టార్చ్ అని అడగండి, కార్న్‌ఫ్లోర్ అంటే మొక్కజొన్న పిండి అంటగడతారు. మైదా వద్దు. అందులో గ్లూటెన్ ఉంటుంది, బజ్జీ పైపొరలా మెత్తగా సాగుతుంది.

అసలు కిటుకు రెండుసార్లు వేయించడంలో ఉంది. మొదటిసారి నూనె 165 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడు నాలుగు నిమిషాలు. తీసి అయిదు నిమిషాలు ఊరుకోవాలి. ఈలోపు లోపలి తేమ పైపొరలోకి వస్తుంది. అప్పుడు నూనె 190కి వేడిచేసి ఇంకో నిమిషం వేయిస్తే ఆ తేమ కాస్తా ఎగిరిపోయి పైన గట్టిగా, లోపల మెత్తగా మిగులుతుంది. హోటలు పొయ్యి మంట మన ఇంట్లో ఉండదు. అందుకని మూడు నాలుగు వాయిలుగా వెయ్యాలి. అన్నీ ఒకేసారి దింపితే నూనె చల్లారిపోయి ముక్కలు నూనె తాగుతాయి. ఇక్కడ ప్యారలల్ ప్రాసెసింగు పనికిరాదు :)

పాకానికి పెద్ద చెంచాతో నాలుగు వెనిగరు, నాలుగు పంచదార, మూడు కెచప్, చిన్న చెంచాడు సోయా, చిటికెడు ఉప్పు, పావు కప్పు నీళ్ళు. ఉల్లిపాయ, క్యాప్సికం పెద్ద ముక్కలు గబగబా వేయించి, పాకం పోసి, ఉడుకు రాగానే నీళ్ళలో కలిపిన చిన్న చెంచాడు కార్న్‌ఫ్లోర్. చిక్కబడగానే అనాస ముక్కలు, వేగిన మాంసం వేసి రెండుసార్లు ఎగరేసి దించెయ్యడమే. ఎక్కువసేపు మరిగిస్తే వెనిగరు ఘాటు గాల్లో కలుస్తుంది, పులుపుకి పాకం కూడా పల్చబడుతుంది. రుచి చూసి బెల్లం వేసిన పులుసు గుర్తొస్తే మీరు సరైన దారిలో ఉన్నట్టే. కొవ్వున్న మాంసానికి పులుపు కావాలన్నది మనకి తెలియనిదా? గోంగూర మాంసం తినే జాతి మనది. కొడగు వాళ్ళు పంది కూరలో కాచంపులి పోస్తారు, గోవావాళ్ళు వెనిగరు పోస్తారు.

ఇప్పుడు ఆ "ఛీ" సంగతి. మతరీత్యా తిననివాళ్ళు, శాకాహారులు, వాళ్ళ లెక్క వేరు, నాకు పేచీ లేదు. కోడీ మేకా చేపా రొయ్యా అన్నీ తింటూ దీనికి మాత్రం మొహం తిప్పుకునేవాళ్ళతోనే నా మాట. "మెదడులో పురుగులు చేరతాయి" అంటారు. ఉడకని పంది మాంసంతో పేగుల్లో బద్దెపురుగు చేరే ప్రమాదం నిజంగానే ఉంది, బాగా ఉడికిస్తే పోతుంది. మెదడుకి ఎక్కేది మాత్రం ఆ పురుగు గుడ్లు కడుపులోకి వెళ్ళినప్పుడు. ఆ గుడ్లు వచ్చేది మనిషి మలం నుంచి, కలుషితమైన నీళ్ళ ద్వారా, కడగని కూరల ద్వారా, కడుక్కోని చేతుల ద్వారా. పంది జోలికే పోని శాకాహారికీ వస్తుంది. అసలు కారణం పురుగులు కావనీ, మన ఊళ్ళలో పందుల్ని మేపినవాళ్ళెవరో, వాళ్ళ ఇళ్ళు ఊరికి ఏ మూల ఉండేవో అందులో ఉందనీ నాకనిపిస్తుంది. ఎయిర్‌పోర్టులో బేకన్ శాండ్‌విచ్‌కి లేని రోత, పంది కూర అనగానే ఎక్కణ్ణుంచి వస్తుంది?

పోయిన నెల నాలుగు తెలుగు కుటుంబాల్ని పిలిచి ఇది వండాను, తిననివాళ్ళకి చికెన్ విడిగా. టేబుల్ దగ్గర మామూలు జోకులే నడిచాయి, బురద, ఊరపంది వగైరా. ఒకాయన మాత్రం ఏమీ మాట్లాడకుండా రెండోసారి వడ్డించుకున్నాడు. మాది ఆరేళ్ళ పరిచయం, ఇద్దరిదీ ఒకే ఆఫీసు. అందరూ వెళ్ళాక గిన్నెలు సర్దుతుంటే అన్నాడు, "మా ఇంట్లో పండగలకి ఇదే వండేవాళ్ళండీ. మా అమ్మ చింతచిగురేసి చేసేది. హైదరాబాదులో ఇంజనీరింగ్‌లో చేరాక ఎవరికీ చెప్పలేదు, హాస్టల్లో అడిగితే చికెనంటే ఇష్టమనేవాణ్ణి" అని. అది పాతికేళ్ళ కిందటి మాట. ఆ జోకులు వేసినవాళ్ళలో ఆయన మేనేజరు కూడా ఉన్నాడు.

నేనేమీ అనలేకపోయాను. ముక్కలు వేయించడానికి ముందు కొవ్వు కాస్త కరగనివ్వాల్సిందని ఆయనే వంట మాటల్లోకి దిగాడు. తోలుతో సహా ఉంటేనే రుచట, ఇక్కడ తోలు తీసేసి అమ్ముతారని ఆయనకో దిగులు. మెక్సికన్ కొట్లో తోలున్న మాంసం దొరికింది. వచ్చే శనివారం ఆయన వండుతానన్నాడు. చింతచిగురు కోసం ఊళ్ళో ఉన్న మూడు ఇండియన్ స్టోర్లూ గాలిస్తున్నాం.