ఒక్క ఫైలు, మా కుర్రు మాటలు

పుత్తూరు నుంచి మేము నలుగురం, ఎరుకల పిల్లలం. మా కుర్రు మాటలను ఒక వెబ్ పేజీగా కట్టినాం. రియాక్ట్ లేదు, బూట్‌స్ట్రాప్ లేదు, జేక్వెరీ కూడా లేదు. ఎందుకట్లా అని కాలేజీలో అడిగినోళ్లకు రెండు ముక్కల్లో చెప్పలేం, అందుకే ఈ పోస్టు.

మా ఇండ్లల్లో చిన్న పిల్లలకు కుర్రు అర్థమవతాది గానీ నోట రాదు. మా భాషకు సొంత లిపి లేదు కాబట్టి తెలుగు అక్షరాల్లోనే రాసుకున్నాం. అవ్వలు బుట్టలల్లుకుంటా చెప్తా ఉంటే నోటుబుక్కులో ఎక్కించినాం. మూడు వందల దాకా అయినాయి. అప్పుడు ఒక అవ్వ అడిగింది: "దీన్ని నెట్టులో పెడతారా? అందరూ చూస్తారా?" ఆ మాటతో పని నెల రోజులు ఆగిపోయింది.

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో మా వాళ్ల మీద పడింది. 1947లో గానీ అక్కడ పోలేదు. పోలీసోళ్ల ముందర ఒకరికొకరు ఏదన్నా చెప్పుకోవాలంటే కుర్రే దిక్కు. బయటోడికి అర్థం కాకపోవడమే ఆ భాష మాకు చేసిన మేలు. దాన్ని గూగుల్ వెతికే చోట పరిస్తే ఆమెకు ఎట్లుంటాదో ఆలోచించండి.

అందుకని సర్వరే వద్దనుకున్నాం. ఒకటే హెచ్‌టీఎంఎల్ ఫైలు. వాట్సాప్‌లో డాక్యుమెంటుగానో, బ్లూటూత్‌లోనో ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతాది. వాట్సాప్ నుంచి ఫోన్‌లో తెరిచిన పేజీకి పక్క ఫైళ్లు అందవు, కాబట్టి స్టైలు, స్క్రిప్టు అన్నీ దాంట్లోనే రాయాల. మాటలన్నీ స్క్రిప్టులోనే ఒక అర్రే. వెతకడానికి ఫిల్టర్, ఇంక్లూడ్స్ చాలు. అర్థం విప్పి చూపడానికి డీటెయిల్స్ ట్యాగ్ ఉంది, దానికి జావాస్క్రిప్టే అక్కర్లేదు. పైన మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 అని తప్పక పెట్టండి, లేకుంటే తెలుగు పిచ్చిగీతలైపోవచ్చు. అవ్వల గొంతులను బేస్64గా మార్చి లోపలే పెట్టినాం. అట్లా చేస్తే సైజు మూడో వంతు పెరుగుతాది, అందుకే ఒక్కో మాటను రెండు సెకన్లు దాటనీలేదు.

లైబ్రరీని కూడా అదే ఫైల్లో అతికించొచ్చు కదా అంటారు. అతికించొచ్చు. కానీ తొమ్మిదో తరగతి చెల్లెలు తెరిచి చూస్తే ఆమెకు అర్థం కావాల కదా. ఇప్పుడు కొత్త మాటలు చేర్చేది ఆమే, ఫోన్‌లోనే.

ఫ్రేమ్‌వర్కులు చెడ్డవని కాదు. ఉద్యోగానికి రియాక్ట్ కావాల, మేమూ నేర్చుకుంటా ఉండాం. కానీ 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు లైన్ల కోడును రాసినాయనే ఎన్‌పీఎం నుంచి తీసేస్తే, ఎక్కడెక్కడో ప్రాజెక్టులు బిల్డు కాకుండా ఆగిపోయినాయి. అవ్వల మాటలు అట్లాంటి దాని మీద ఆధారపడడం మాకిష్టం లేదు. 1991లో టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన తొలి వెబ్ పేజీ మన ఫోన్లలో ఇప్పటికీ తెరుచుకుంటాది, చూడండి.

ఎవరన్నా బయటికి ఫార్వర్డ్ చేస్తే ఆపలేమని కూడా అవ్వకు చెప్పినాం. "తెలిసినోడి చేతి నుంచి పోతే తెలిసినోణ్ణే అడుగుతాను" అనింది. కొన్ని మాటలు మాత్రం తీసేయమంది, తీసేసినాం. ఈ పోస్టులో కూడా ఒక్క కుర్రు మాటా లేదు, ఆమె ఒప్పుకోలేదు.

ఎరుకలోళ్లు ఎవరికైనా ఫైలు కావాలంటే మమ్మల్ని అడగండి. సుగాలి తమ్ముళ్లు, చెల్లెళ్లు గోర్ బోలికి చేసుకుంటామంటే మా మాటలు తీసేసి ఖాళీ ఫైలు పంపిస్తాం. ముందు మీ అవ్వల్ని అడిగి రండి.