సరదా పద్దు

మా ఇంటి జమాఖర్చుల పుస్తకంలో 'సరదా' అని ఒక పద్దు ఉంది. పెళ్లయిన కొత్తలో మా ఆయన పెట్టిన ఏర్పాటు అది. ఇద్దరికీ చెరి కొంత, దేనికి ఖర్చు పెట్టావని రెండోవాళ్లు అడగకూడదు. ఇప్పుడది మనిషికి నెలకు ఆరువందలు, అంటే ఏడాదికి 7,200. ఆయన వాటా పాత పుస్తకాలకు పోతుంది. ఢిల్లీ దరియాగంజ్ ఫుట్‌పాత్ మీద ఆదివారం బజారు ఉన్నన్నాళ్లూ అక్కడికి వెళ్లేవారు, 2019లో దాన్ని మహిళా హాట్‌కు తరలించాక అక్కడికి వెళ్తున్నారు. నా వాటా ఒక వెబ్‌సైటుకు పోతుంది.

మేముండేది ఢిల్లీలోని ద్వారకలో. ఢిల్లీలో దొరికే కూరలతో మన వంటలు ఎలా వండుకోవచ్చో తెలుగులో రాసుకునే సైటు నాది. ఐఎన్‌ఏ మార్కెట్‌లో గోంగూర దొరుకుతుంది, నిజమే. కానీ కట్ట గోంగూర కోసం మెట్రో ఎక్కి అంత దూరం రోజూ పోలేం కదా. చలికాలంలో వీధి చివర బండి మీద రాశులు పోసి అమ్మే బథువా ఆకుతో పప్పు చేస్తే ఎలా ఉంటుంది, ముల్లంగి ఆకు పచ్చడికి పనికొస్తుందా... ఇలాంటి రాతలు. చదివేవాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమందీ వండి చూస్తారు, అది చాలు.

ఈ సైటు విషయంలో డబ్బు తియ్యాల్సి వచ్చినప్పుడల్లా నేను ఒకటే ప్రశ్న వేసుకుంటూ వచ్చాను. ఈ డబ్బు కట్టాక, రేపు నచ్చకపోతే వదిలి వెళ్లగలనా?

మొదట్లో పైసా ఖర్చు లేదు. 1999లో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ తెచ్చిన బ్లాగర్‌ను 2003లో గూగుల్ కొనుక్కుంది. తెలుగు బ్లాగులు విరగపూసిన రోజుల్లో 'లేఖిని' అనే తెలుగు రాసే సైటులో టైపు చేసి అక్కడ అతికించినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఇవాళ ఎవరైనా అడిగితే అక్కడే మొదలుపెట్టమంటాను. సొంత డొమైన్, అంటే సైటు పేరు, కొనుక్కుని బ్లాగర్‌కు తగిలించుకోవచ్చు, దానికి గూగుల్ ఏమీ తీసుకోదు. సరదాకు రాసుకునే నూటికి తొంభై మందికి అంతకుమించి అక్కర్లేదని నా అభిప్రాయం. నేను మాత్రం వంటలను కూర వారీగా, రుతువు వారీగా విడదీసి చూపించాలనుకున్నాను. పైగా 2009లో యాహూ జియోసిటీస్‌ను మూసేసినప్పుడు పోయిన పేజీల సంగతి మనసులో ఉండిపోయింది. ఉచితంగా ఇచ్చినవాడు ఎప్పుడు తలుపు మూస్తాడో మన చేతిలో ఉండదు.

అందుకని సొంతంగా సైటు పెట్టుకున్నాను. ముందు డొమైన్. దీనికి డబ్బు పెట్టడంలో నేను వెనకాడలేదు. ఇందిరాపురంలో పొడులూ పచ్చళ్లూ చేసి అమ్మే ఒకావిడ ఉన్నారు. సైటు చేసిపెట్టిన కుర్రాడు ఆవిడ దుకాణం పేరును తన ఈమెయిల్‌తో, తన పేరు మీద రిజిస్టర్ చేశాడు. కొన్నాళ్లకు ఫోన్ నంబరు మార్చి మాయమయ్యాడు. డాట్ కామ్ పేరు గడువు తీరాక కొన్ని వారాల వెసులుబాటు ఉంటుంది. ఆ తర్వాత ఇంకో 30 రోజులు విడిపించుకునే గడువు ఉంటుంది గానీ, దానికి మామూలు రుసుముకు కొన్ని రెట్లు కట్టాలి. అవి దాటితే ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. విడిపించుకుందామన్నా కాగితాల మీద సొంతదారు ఆవిడ కాదాయె! కరపత్రాల మీదా సీసాల మీదా అచ్చేయించిన ఆ పేరు ఇప్పుడు మరెవరిదో.

నా పేరును 2024 ఆగస్టులో ఒకేసారి అయిదేళ్లకు కొన్నాను. పన్నుతో కలిపి 6,490 అయింది. ఆ ఏడాది సరదా పద్దులో ముప్పాతిక పైన ఊడ్చుకుపోయింది. ఆగస్టులోనే ఎందుకంటే, డాట్ కామ్ పేర్లన్నిటినీ నడిపే వెరిసైన్ సంస్థ తన టోకు ధరను 2021 నుంచి ఏటా ఏడు శాతం చొప్పున పెంచుకుంటూ వచ్చింది. 7.85 డాలర్లు ఉన్నది 2024 సెప్టెంబరు 1 నుంచి 10.26 అవుతుందని ముందే చెప్పింది. పదేళ్ల దాకా ముందే కట్టుకోవచ్చు. అయిదు చాలనుకున్నాను.

ఒకేసారి కట్టడానికి ఇంకో కారణం కార్డు. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డు మీద దానంతటదే పోయే చెల్లింపులకు ముందుగా మన అనుమతి నమోదై ఉండాలి, డబ్బు తీసే 24 గంటల ముందు కబురు రావాలి. మంచి నిబంధనే. కానీ దానికి తగ్గట్టు సర్దుకోని విదేశీ కంపెనీల దగ్గర ఆటో రెన్యూవల్ ఆన్‌లో ఉన్నా చెల్లింపు జరగదు. పేరు లాంటి వస్తువును దాని మీద వదిలేసి నిద్రపోలేను.

సైటును ఉంచే చోటు, అంటే హోస్టింగ్ దగ్గర మాత్రం నా పద్ధతి తలకిందులు. గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అన్నయ్య కొడుకు ప్రకటన చూపించాడు. నెలకు 149 రూపాయలే.

"అత్తా, నాలుగేళ్లకి కట్టేయ్. గొడవ వదిలిపోతుంది."

"ఇవాళ ఎంత కట్టాల్రా?"

ఆ 149ని 48తో గుణించి, 18 శాతం జీఎస్టీ కలిపితే 8,439. ఒక్క ఏడాదికే అయితే నెలకు 249 చొప్పున పన్నుతో 3,526. ఏడాది తర్వాత కొనసాగితే నెలకు 449, అంటే 6,358. వాడి లెక్క తప్పు కాదు. నాలుగేళ్లూ సైటు నడిచి, నాలుగేళ్లూ ఆ కంపెనీ బాగుంటే వాడు చెప్పిందే చవక. ఏటా ఒక కొత్త కంపెనీకి మారుతూ మొదటి ఏడాది ధర కట్టుకుంటూ పోయినా నాలుగేళ్లకు పద్నాలుగు వేలు దాటుతుంది. ఆ తేడాను ఏడాదికి పంచితే పద్నాలుగు వందల పైచిలుకు.

ఆ పద్నాలుగు వందలు తెలిసే కడుతున్నాను. ఢిల్లీలో అద్దెకున్నవాళ్లకు పదకొండు నెలల ఒప్పందం కొత్త కాదు. ఏడాది దాటిన ఒప్పందమైతే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి ఇంటివాళ్లు పదకొండే రాస్తారు. అది వాళ్ల వెసులుబాటు కోసమే అయినా, నీళ్లు రాని ఇంట్లోంచి, ఇంటివాళ్లతో పడని ఇంట్లోంచి నన్ను బయటపడేసింది కూడా ఆ పదకొండు నెలలే. హోస్టింగ్ కూడా అంతే. డబ్బు వాపసు గడువు 30 రోజులు. సైటు నెమ్మదించేది ఆర్నెల్ల తర్వాత. నాకూ అలాగే జరిగింది. ఏడాది కాగానే మూట సర్దుకున్నాను.

ఒక ముచ్చట. డబ్బు కట్టే పేజీలో నేను అడగని సరుకులు మూడో నాలుగో ముందే టిక్కు పెట్టి ఉన్నాయి. అందులో భద్రతా సర్టిఫికెట్ ఒకటి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఆ సర్టిఫికెట్లను చాలా ఏళ్లుగా ఉచితంగా ఇస్తోంది, గడువు తీరేలోపు అవి వాటంతటవే కొత్తవిగా మారుతుంటాయి. అడగని సరుకు బుట్టలో వేయడాన్ని 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుడు పద్ధతుల జాబితాలో చేర్చింది. చట్టం సంగతి అలా ఉంచి, టిక్కులు తీసేసి ముందుకు సాగడం మేలు.

ఇక సైటును తీర్చిదిద్దుకోవడం. నా సైటు నడిచేది వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద, దానికి డబ్బు కట్టక్కర్లేదు. 2003లో మ్యాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ మొదలుపెట్టిన నాటి నుంచీ అది ఎవరైనా వాడుకునే, మార్చుకునే స్వేచ్ఛతోనే వస్తోంది. డబ్బు అడిగేది సైటు రూపాన్ని తీర్చే థీములు. ఒకటి చాలా నచ్చింది. 59 డాలర్లు. బ్యాంకు వేసే విదేశీ మారకపు రుసుము, దాని మీద జీఎస్టీ కలిపితే అయిదు వేల పైమాట. కొనకముందే అదే కంపెనీ ఇచ్చే ఉచిత రకాన్ని నా లాప్‌టాప్‌లో పెట్టి, అందులో తెలుగు పోసి చూశాను.

ఇంగ్లిష్‌లో కళకళలాడిన పేజీ తెలుగులో వెలవెలబోయింది. శీర్షికల్లో వరుసల మధ్య ఎడం ఎంత తక్కువంటే, పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చున్నాయి. మెనూలో 'పచ్చళ్లు' అంటే 'చ' ఒత్తు, 'ళ' కింది ఒత్తు రెండూ సగానికి తెగిపోయాయి. అక్షరాల మధ్య అందం కోసం పెట్టిన ఖాళీ మన లిపిని చెల్లాచెదురు చేసింది. వ్యాఖ్యలను వాలు అక్షరాల్లో చూపించమంటే, ఆ తెలుగు ఫాంటుకు వాలు రూపం లేక బ్రౌజరే అక్షరాలను పక్కకు వంచేసింది. ఒత్తు అనేది ఒకటుందని ఆ థీము చేసినవాళ్లకు తెలిసి ఉండదు. ఇంకో యాభై తొమ్మిది డాలర్లు ఇచ్చినా తెలియదు.

అంచేత నేర్చుకోక తప్పలేదు. వర్డ్‌ప్రెస్‌తో వచ్చే మామూలు థీమునే పెట్టుకున్నాను. 2016 చివరి నుంచీ వర్డ్‌ప్రెస్‌లో పేజీ రూపును మార్చే అదనపు సీఎస్‌ఎస్ రాసుకునే చోటు ఉంది. వరుసల ఎడాన్ని 1.8కి పెంచడం, అక్షరాల ఎడాన్ని సున్నా చెయ్యడం, వాలును తీసేయడం... మొత్తం పది పదిహేను పంక్తులు. బ్రౌజర్‌లో కుడి మౌస్ నొక్కి 'ఇన్‌స్పెక్ట్' అంటే ఏ ముక్క దేని వల్ల అలా ఉందో కనిపిస్తుంది, అక్కడే మార్చి చూసుకోవచ్చు, ఏదీ చెడిపోదు. నా లాంటి వాళ్లకు ఇంతకు మించిన బడి లేదు. ఫాంట్లకూ ఖర్చు లేదు. మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ లాంటి సిలికానాంధ్ర సంస్థ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. గుణింతాలు, ఒత్తులు అన్నీ దాచుకోవాలి కాబట్టి తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లిష్ దానికంటే బరువు. అందుకే శీర్షికలకు మాత్రం రామభద్ర పెట్టి, మిగతాది చదివేవాళ్ల ఫోన్‌లో ఉన్న ఫాంటుకే వదిలేశాను. వాళ్ల డేటా కూడా డబ్బే కదా.

లింకుల సంగతి కూడా ఎవరూ చెప్పరు. 'గుత్తి వంకాయ కూర' అని శీర్షిక పెడితే వర్డ్‌ప్రెస్ దాన్నే లింకుగా మారుస్తుంది. లోపల ఒక్కో తెలుగు అక్షరం, గుణింతం, పొల్లు మూడేసి బైట్లు. లింకులోకి వెళ్లేసరికి ఒక్కోటి తొమ్మిది గుర్తులవుతుంది. ఆ మూడు మాటలూ 128 గుర్తుల చాంతాడు. వర్డ్‌ప్రెస్ దాచుకునేది 200 వరకే, కాబట్టి పొడుగు శీర్షికలు మధ్యలో తెగిపోతాయి. వాట్సాప్‌లో పంపితే బూతులా కనిపిస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే అదే లింకు పద్దెనిమిది. భాషాభిమానం శీర్షికలో చూపించుకుని, లింకును మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పెడుతున్నాను.

నేర్చుకున్నవాటిలో డబ్బుగా మారింది మాత్రం బ్యాకప్. ఒక ఉచిత ప్లగిన్ వారానికోసారి సైటు మొత్తాన్ని నా గూగుల్ డ్రైవ్‌లో పెడుతుంది. అక్కడి ఉచిత 15 జీబీ నాకు సరిపోతుంది, ఫోటోలను కుదించి ఎక్కిస్తాను కాబట్టి. బ్యాకప్ ఉందనుకోవడం వేరు, దాన్నుంచి సైటు తిరిగి లేపగలగడం వేరు. లాప్‌టాప్‌లో లేపి చూశాను. అది చేతనయ్యాక కంపెనీ మారడం ఒక ఆదివారం మధ్యాహ్నం పని అయింది. పాత కంపెనీ అడిగిన 6,358కీ కొత్త చోట కట్టిన మొదటి ఏడాది ధరకూ మధ్య మూడు వేలకు దగ్గర తేడా. డొమైన్ ఖర్చు ఏడాదికి 1,298 కలుపుకుంటే, మారకపోయి ఉంటే 7,200 గీత దాటేసేదాన్ని.

సంపాదన గురించి అడుగుతారు, బంధువులు మరీను. నోయిడాలో ఉండే నిశా మధులిక 2007లో హిందీలో వంటల బ్లాగుతో మొదలుపెట్టి, 2011లో యూట్యూబ్‌కు వచ్చి ఎంత పేరు తెచ్చుకున్నారో నాకు చెప్పని పిన్ని లేదు. ఆవిడంటే నాకూ గౌరవమే. అయితే ఆవిడ చేసింది ఒక పూర్తికాలపు వ్యాపారం. నాకు బడి ఉద్యోగం ఉంది.

ప్రకటనలు పెట్టి చూశాను. 2018 నుంచి యాడ్‌సెన్స్ తెలుగును ఒప్పుకుంటోంది. పది డాలర్లు కాగానే చిరునామా రుజువుకు పిన్ నంబరుతో ఉత్తరం వస్తుంది, వంద డాలర్లు అయితే గానీ డబ్బు పంపరు. నాకు ఆ వంద చేరేసరికి రెండు చలికాలాలు పోయాయి. బ్యాంకు తన వాటా తీసుకుంది. ఆ ఏడాది ఆదాయపు పన్ను రిటర్ను వేసేటప్పుడు మా సీఏ గారు, "మేడమ్, ఇది వ్యాపార ఆదాయం. ఇక సహజ్ ఫారం కుదరదు," అన్నారు. జీతం ఒక్కటే ఉన్నన్నాళ్లూ ఆ ఫారం నేనే నింపుకునేదాన్ని. పెద్ద ఫారానికి ఆయన ఫీజు, వచ్చిన ప్రకటనల డబ్బులో సగం పైనే. పోపు ఎప్పుడు వెయ్యాలో చెప్పే పంక్తి పక్కన అప్పుల యాప్ ప్రకటన మెరుస్తుంటే చూడబుద్ధీ కాలేదు. తీసేశాను.

ఒక మిక్సీ కంపెనీ ఉచితంగా మిక్సీ పంపుతాం, రాయండి అంది. ఏడాదిలో 20,000 దాటే అలాంటి బహుమతులపై 2022 జులై నుంచి పది శాతం టీడీఎస్ ఉంది. మిక్సీ అంత ఖరీదు చెయ్యదు కాబట్టి ఆ బెడద లేదు. ఉచితంగా వచ్చిందని పేజీ మీద రాయాలి. రాశాక ఆ మిక్సీలో నూరిన పచ్చడిని ఎవరు నమ్ముతారు? వద్దన్నాను. మా ఇంట్లో రోలు కూడా ఉంది.

మొన్న పాలసీలు, ఎఫ్‌డీల వివరాలు రాసిపెట్టే పుస్తకంలో డొమైన్ ఖాతా, హోస్టింగ్ ఖాతా, బ్యాకప్ ఎక్కడుందో కూడా చేర్చాను. బ్యాంకు కాగితంలో నామినీ గడి ఉంటుంది, దీనికి లేదు. మా ఆయన చదివి, "అంటే నువ్వు లేకపోతే దీనికి నేను డబ్బు కట్టాలా?" అన్నారు.

"2029 దాకా పేరుకి కట్టేశానండీ. అప్పటికి మీ సరదా పద్దులోంచి ఇస్తారేమో ఆలోచించుకోండి," అన్నాను.

ఎందుకు ఖర్చు పెట్టావని అడగకూడదన్న నియమం తనకూ వర్తిస్తుందా అని ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.