ఇష్యూ రిజిస్టర్‌కి ఎక్కని పాఠకులు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గ్రంథాలయాల చరిత్ర రాసినప్పుడు పలాస, టెక్కలి వైపు దొరికిన పాత ఇష్యూ రిజిస్టర్లే నాకు ఆధారం. వాటిలో కొండల్లో ఉండే సవర గిరిజనుల ‘సవర’ ఇంటిపేరు ఎక్కడా కనబడలేదు. పాణిగ్రాహి, పండా లాంటి ఒడియా ఇంటిపేర్లతో కనబడిన కొద్దిమందినీ తెలుగు పాఠకుల కిందే కలిపేశాను. ‘కొండ జనానికి చదువు మీద ఆసక్తి తక్కువ’ అని ఒక వాక్యం రాసి అచ్చుకిచ్చాను.

తర్వాత మందస దగ్గర ఒక సవర పెద్దాయన అడిగాడు: “ఆ బీరువాలో మా బాసది ఏటుంది బాబూ, మేం వచ్చి చదవడానికి?”

ఎవరు పుస్తకం తీసుకున్నారో లెక్కపెట్టాను గాని, ఎవరి కోసం ఏం కొన్నారో చూడలేదు. మళ్లీ వెళ్లి కొనుగోలు జాబితాలు తిరగేస్తే సవర పుస్తకం ఒక్కటీ లేదు. ఒడియా పుస్తకమూ లేదు.

సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడులు పెట్టారు, తెలుగు లిపిలో వాచకాలు రాశారు. ఆ భాష మీద ఆయన రాసిన ఇంగ్లీషు గ్రంథాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. 1936లో మంగేయి గొమాంగో అనే సవర ఆయన తన భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపినే తయారుచేశాడు. తన భాషకు లిపి కల్పించుకున్న జనానికి చదువు మీద ఆసక్తి లేదని రాశాను నేను! గిడుగును వ్యావహారిక భాష కోసం పొగిడిన పుస్తకంలోనే రాశాను.

అదే 1936లో ఒడిశా వేరు రాష్ట్రమైంది. పర్లాకిమిడి అటు వెళ్లింది, మందస ఇటు ఉండిపోయింది, ఒడియా చదివే ఇళ్లు రెండు వైపులా మిగిలాయి. మన గ్రంథాలయాల వైపు చూస్తే, 1914లో బెజవాడలో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం తెలుగువాళ్లకు తెలుగు పుస్తకం అందించాలని పుట్టింది. ఆ సంఘాన్ని నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారి శ్రమను తక్కువ చెయ్యను. కానీ తెలుగు మాత్రమే మాట్లాడని ఉద్దానానికి ఆ కొలత చాలదు. ఒడియా పల్లెల్లో భాగవత టుంగి ఉంటుంది. అక్కడ ఒకరు భాగవతం చదివితే నలుగురు వింటారు. దానికి రిజిస్టర్ ఉండదు.

గ్రంథాలయం జీవితంలో పాఠకుణ్ణి కాదు, పాఠకుడి జీవితంలో గ్రంథాలయాన్ని చూడమంటాడు అమెరికా చరిత్రకారుడు వేన్ వీగండ్. ఒకప్పుడు నల్లజాతివారిని గడప తొక్కనివ్వని అక్కడి దక్షిణాది గ్రంథాలయాల గురించి ఆయన మరొకరితో కలిసి రాసిన పుస్తకం 2018లో వచ్చింది. మన దగ్గర అలా తలుపు మూశారని నాకు ఆధారం దొరకలేదు, నిజమే. బీరువానే మూసి ఉంది.

ఆ అధ్యాయం మళ్లీ రాస్తున్నాను, ఈసారి కొనుగోలు జాబితాలతో మొదలుపెట్టి. నా పాత వాక్యాన్ని ఆధారంగా చూపిన ఒక పరిశోధక విద్యార్థికి, దాన్ని తీసెయ్యమని ఉత్తరం రాశాను.