ముందు గేజి, తర్వాత పానా

కావలి నుంచి తూర్పుకు బయల్దేరి బకింగ్‌హాం కాలువ దాటితే సరుగుడు తోపులు, వాటి వెనక పట్టపుపాలేలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే. వలలు బాగుచేసేవాళ్లు ఒకపక్క, ఫైబర్ పడవలకు మాట్లు వేసేవాళ్లు ఇంకోపక్క. ఇంజన్ మాత్రం జూన్ రెండో వారం వచ్చేదాకా ఎవరికీ గుర్తురాదు. బోగోలు మండలం జువ్వలదిన్నె హార్బరు దారిలోని రేకుల షెడ్డుకు మేం వెళ్లింది సరిగ్గా ఆ వారంలోనే. మెకానిక్ అప్పటికే హార్బరుకు బయల్దేరుతున్నాడు. ఆయన వెంటే నడిచాం.

జెట్టీ దగ్గర కట్టేసిన బోటులో ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్. సరంగు అప్పటికే తీర్పు చెప్పేశాడు.

"పంపు పోయింది అబ్బయా. విప్పి నెల్లూరికి పంపీ."

"ఉండు మామా. స్టార్ట్ చేసిన ఎంతసేపటికి పడిపోతా ఉండాది?"

"అరగంటకు. ఊరికే నిలబెడితే బాగానే ఉండాది. గేరేసి లాగితే గొంతు పట్టేస్తాది. ఆపి కాసేపు ఉంచితే మళ్లా లేస్తాది."

ఆ నాలుగు ముక్కలకే మెకానిక్ పానాల పెట్టె పక్కన పెట్టి, సంచిలోంచి గేజి, మూరెడు తెల్ల ప్లాస్టిక్ గొట్టం తీశాడు.

ఈ రకం ఇంజన్లలో ట్యాంకు నుంచి డీజిల్ లాగేది ఫీడ్ పంపు. ఫిల్టర్ల గుండా తోసి అది పెద్ద పంపుకు అందించే ప్రెషరు ఒకటి, ఒకటిన్నర బార్. పెద్ద పంపు దాన్ని నాజిల్ తెరుచుకునే స్థాయికి, అంటే 200 బార్ చుట్టుపక్కలకు పెంచుతుంది. ఖాళీగా తిరిగేటప్పుడు ఇంజన్ తాగేది కొంచెమే కనుక దారి సగం మూసుకుపోయినా బండి నడిచిపోతుంది. లోడు పడినప్పుడే గుట్టు బయటపడుతుంది. అందుకే మెకానిక్ బోటును జెట్టీకి గట్టిగా కట్టించి, గేరు వేయించి పరీక్ష మొదలుపెట్టాడు. ఒడ్డున ఐడ్లింగ్‌లో చూసి "అంతా బాగుంది" అని పంపేసే షెడ్లు లేకపోలేదు. ఆ ఇంజన్లే నడిసముద్రంలో ఆగిపోతాయి.

ఫిల్టరు దాటాక బిగించిన గేజి మొదట ఒక బార్ పైన చూపించింది. లోడు మీద కొంతసేపు నడిచేసరికి ముల్లు జారడం మొదలైంది. మెకానిక్ సరంగును ట్యాంకు మూత వదులు చేయమన్నాడు. ట్యాంకుకు గాలి పోసే గొట్టం మూసుకుపోయి ఉంటే మూత తీయగానే ఉస్సుమని గాలి లోపలికి పోయి ఇంజన్ తేరుకుంటుంది. రెండు నెలలు ఊరికే పడున్న గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టినా కట్టవచ్చు. ఇక్కడ మూత తీసినా ముల్లు కదల్లేదు.

తర్వాత ఫీడ్ పంపుకు ముందు తెల్ల గొట్టం తగిలించాడు. డీజిల్‌తో పాటు సన్నటి బుడగలు వరసకట్టి వస్తున్నాయి. ఎక్కడా చుక్క కారడం లేదు కదా అని సరంగు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. ఫీడ్ పంపుకు ముందున్న లైనులో లాగుడే తప్ప తోపుడు ఉండదు. అక్కడ కీలు వదులైతే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పొడిగా, శుభ్రంగా కనిపించే కీలే ఎక్కువ మోసం చేస్తుంది. నీళ్లు వేరుచేసే ఫిల్టరు దగ్గర బోల్టు విప్పితే రాగి వాషరు పల్చగా నలిగిపోయి ఉంది. పాతదాన్నే మళ్లీమళ్లీ బిగించిన గుర్తు.

ఆ ఫిల్టరు అడుగు నుంచి గాజు సీసాలోకి పట్టిన నమూనా ఇంకో కథ చెప్పింది. పైన డీజిల్, అడుగున నీళ్లు, రెంటి మధ్య నల్లటి జిగురు. సగం ఖాళీ ట్యాంకులో పగలు వేడెక్కిన గాలి రాత్రి చల్లబడి, గోడలకు చెమ్మ పట్టి, బొట్లుబొట్లుగా కిందికి దిగుతుంది. ఆ నీటికీ నూనెకూ నడుమ ఒక బూజు పెరుగుతుంది. ఒకప్పుడు జెట్ విమానాల ట్యాంకులను కూడా వేధించిన 'కిరోసిన్ ఫంగస్' ఇదే. నిషేధం మొదలవక ముందే ట్యాంకు నింపి పెట్టుకుంటే ఇందులో చాలా భాగం తప్పుతుంది. కానీ రెండు నెలలు సంపాదన లేనప్పుడు డీజిల్‌లో అంత డబ్బు ఎవరు పోసి ఉంచుతారు?

వాషర్లు, ఫిల్టర్లు మార్చి, హ్యాండ్ ప్రైమరు కొట్టి లైనులో ఎయిర్ తీశాక ముల్లు లోడు మీద కూడా నిలబడింది. అప్పటికీ నిలబడకపోతే చూడాల్సింది ఓవర్‌ఫ్లో వాల్వు. దాని స్ప్రింగు అలిసిపోతే డీజిల్ ప్రెషరు కట్టకుండా ట్యాంకుకు తిరిగిపోతుంది. కొందరు ఆ స్ప్రింగును లాగి పొడుగు చేసి మళ్లీ పెడతారు. అది వైద్యం కాదు, వాయిదా.

సరంగులు ఇప్పటికీ ఆ పెద్ద పంపును 'మైకో పంపు' అనే అంటారు. జర్మనీలో బాష్ కంపెనీ డీజిల్ పంపులను పెద్దఎత్తున తయారుచేయడం 1927లో మొదలైంది. దాని భారతీయ శాఖగా 1951లో మైకో వచ్చింది. 2008లో కంపెనీ పేరు బాష్‌గా మారినా, రేవుల్లో పాత పేరే నడుస్తోంది.

పాత పేరుతో పాటు పాత అలవాటూ నిలిచింది. అదే ప్రమాదం. ఏ సిలిండరు పనిచేయడం లేదో తెలుసుకోవడానికి ఇంజన్ నడుస్తుండగానే నాజిల్ నట్లు ఒక్కొక్కటీ వదులు చేయడం మెకానిక్‌ల పరిపాటి. కొత్తరకం కామన్ రైల్ ఇంజన్లో ఆ పని చేస్తే చెయ్యి పోతుంది. అక్కడ ప్రెషరు 1600 బార్, ఆ పైన కూడా. అంత వేగంతో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటంత గాయమే కనిపిస్తుంది గానీ, వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలు తీసేయాల్సి రావచ్చు. అక్కడ స్కానరుతో ఇంజన్ కంప్యూటరు అడిగిన ప్రెషరెంత, రైలులో నిజంగా ఉన్నదెంత అని పోల్చి చూడాలి. తేడా ఉంటే ఒక్కో ఇంజెక్టరు నుంచి వెనక్కి కారే డీజిల్‌ను విడివిడిగా సీసాల్లో పట్టాలి. ఏ సీసా ముందు నిండితే దొంగ ఆ ఇంజెక్టరే.

తిరిగొచ్చేసరికి షెడ్డులో స్టాండుకు బిగించిన పెట్రోల్ అవుట్‌బోర్డు ఎదురుచూస్తోంది. ఇంజెక్షన్ రకం. దీనికి మొదటి పరీక్ష ట్యాంకు లైనులోని రబ్బరు బల్బే. ఇంజన్ నడుస్తుంటే అది చప్పిడిపోతే ట్యాంకు వైపు అడ్డు ఉంది. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది. తాళం తిప్పగానే లోపలి ఎలక్ట్రిక్ పంపు రెండు మూడు క్షణాలు గుర్రుమనాలి. గేజి చాలా మోడళ్లలో మూడు బార్ దరిదాపుల్లో ఆగాలి. కచ్చితమైన అంకె ఆ మోడల్ మాన్యువల్లోదే. ఆపాక ముల్లు ఒక్కసారిగా పడిపోతే పంపు చెక్ వాల్వో, రెగ్యులేటరో, ఇంజెక్టరో కారుతోందని లెక్క.

గేజికి దొరకని రోగమూ ఉంది. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. దానికి నీళ్లంటే మహా ఇష్టం. నీళ్లు మోతాదు మించితే రెండూ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి, లైను లాగేది ఆ అడుగు నుంచే. ప్రెషరు సరిగ్గా ఉంటుంది, ఇంజన్ మాత్రం పలకదు.

సాయంత్రానికి సరంగు లెక్క తేల్చడానికి షెడ్డుకు వచ్చాడు. ఫిల్టర్లకు, వాషర్లకు మారుమాట లేకుండా ఇచ్చాడు. కూలి దగ్గరే పేచీ.

"పంపు కూడా విప్పలేదు గదా అబ్బయా, ఇంతెందుకు?"

"విప్పనందుకే మామా."

బేరం మధ్యలో ఆగింది. రెండు ఫిల్టర్లు, గుప్పెడు రాగి వాషర్లు, మూరెడు తెల్ల గొట్టం బోటులో ఎప్పుడూ ఉంచుకుంటే సగం తగ్గిస్తానన్నాడు మెకానిక్. సరంగు గొట్టం తీసుకుని, దాని ఖరీదు కూడా అందులోనే కలిపెయ్యమన్నాడు.